కొట్టుకు కొత్త గుమాస్తా

మా వీధి చివర పచ్చళ్లు పెట్టి అమ్మే పిన్నిగారి వాట్సాప్ స్టేటస్ చూడటం మా అందరికీ పొద్దుటి అలవాటు. ఫొటో ఎప్పుడూ సరిగ్గా ఉండదు. జాడీ సగమే పడుతుంది, పక్కన ఎవరిదో చెయ్యి, వెనకాల గ్యాస్ బండ. కింద రెండే ముక్కలు: "గోంగూర రెడీ. ఉల్లిపాయ వెయ్యలేదు, కావాలంటే తినేప్పుడు నంజుకోండి." అది చదివి స్నానానికి వెళ్లేలోపే అరకేజీ చెప్పేసేవాళ్లు మా వీధిలో చాలామందే ఉన్నారు.

మొన్న వేసవి మొదట్లో ఒకరోజు ఆ స్టేటస్ రూపు మారిపోయింది. చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో నిగనిగలాడే ఆవకాయ బొమ్మ, కింద ఇలా ఉంది: "మా అమ్మమ్మ చేతి వంట యొక్క మాధుర్యం! సంప్రదాయం మరియు ఆధునికతల అపూర్వ మేళవింపు! ప్రతి ముద్దలో ఒక జ్ఞాపకం! ఈరోజే ఆర్డర్ చేయండి!" బొమ్మను పెద్దది చేసి చూశాను. ఆవకాయ మీద సన్నగా తరిగిన కొత్తిమీర చల్లి ఉంది. ముక్కలకు టెంక లేదు. మాగిన మామిడిపండును చాకుతో కోసినట్టు నలుచదరంగా, మెత్తగా ఉన్నాయి.

సాయంత్రం అటు వెళ్లినప్పుడు అడిగాను. పిన్నిగారు ఆవాలు చెరుగుతూ నవ్వింది. "కోడలు పెట్టింది నాన్నా. ఏఐ అంట. ఏం కావాలో చెబితే అదే రాసి, బొమ్మ కూడా వేసిస్తుందట."

"మీ అమ్మమ్మగారి చేతి వంటన్న సంగతి మాకెప్పుడూ చెప్పలేదే?"

"మా అమ్మమ్మా? ఆవిడ మడి మనిషి. వెల్లుల్లి వాసన తగిలితేనే లేచి వెళ్లిపోయేది. నాకు ఈ పని నేర్పింది తెనాలిలో మేం అద్దెకున్న ఇంటావిడ. అద్దె ఆలస్యమైతే ముక్కలు కొట్టడానికి పిలిచేది. అలా వచ్చింది ఈ చెయ్యి."

పక్కన చిరునామాల చీటీలు అంటిస్తున్న కోడలు తలెత్తి, "అమ్మమ్మ అని నేను రాయమనలేదండీ, అదే రాసింది" అంది, కొంచెం సిగ్గుపడుతూ.

ఆ అమ్మాయిని తప్పుపట్టాలన్న ఉద్దేశం నాకు లేదు. పొద్దున్నే పిల్లల్ని బడికి పంపాలి. ఆర్డర్లు రాసుకోవాలి, డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవాలి, సీసాల మూతలు బిగించి టేపు చుట్టాలి, కొరియర్ కుర్రాడు వచ్చేలోపు అన్నీ గుమ్మంలో పెట్టాలి. ఇవన్నీ అయ్యాక రాత్రి పదకొండింటికి కూర్చుని రేపు స్టేటస్‌లో ఏం రాయాలా అని బుర్ర గోక్కోవాలి. రాయకపోతే జనం మర్చిపోతారని భయం. రాద్దామంటే మాట పడదు.

ఒకప్పుడు కొట్టు పెట్టినవాడు పెయింటర్ని పిలిచి ఒకసారి బోర్డు రాయించుకుంటే పదేళ్లు దాని మొహం చూడనక్కర్లేదు. ఏడాదికోసారి క్యాలెండరు, శ్రీరామనవమి పందిట్లో ఓ బ్యానరు, గల్లాపెట్టె మీద 'ఈరోజు నగదు, రేపు అరువు' అన్న అట్టముక్క. 'మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు' అని పెద్దక్షరాలతో రాయించుకున్న మిఠాయి కొట్లు చాలా ఊళ్లలో ఉండేవి. లేనిదాన్ని కూడా అంత దర్జాగా చెప్పుకోవడం ఏ ప్రకటనల కంపెనీ నేర్పింది కాదు. ఇప్పుడు స్టేటస్ ఆయుష్షు 24 గంటలు. చిన్న వ్యాపారుల కోసమని వాట్సాప్ వాళ్లు వేరే యాప్ తెచ్చింది 2018 జనవరిలో. అప్పటినుంచి సరుకుల పట్టిక, పండగ శుభాకాంక్షలు, రాత్రిపూట అడిగేవాళ్లకు జవాబులు, ఇన్‌స్టాగ్రామ్‌లో రీలు, దాని కింద రాత, ఇలా ఒక్కొక్కటే వచ్చి కొట్టువాడి నెత్తిన కూర్చున్నాయి. పచ్చళ్లు పెట్టుకునే మనిషి ఓ చిన్నపాటి పత్రికాఫీసు కూడా నడపాల్సి వస్తోంది. పత్రికాఫీసులో కూర్చునేవాడిని కనక చెబుతున్నాను, రోజూ రాయడం మాటలు కాదు. జీతమిచ్చి రాయమన్న మాకే ఒక్కోరోజు చెయ్యి ఆడదు.

ప్రభుత్వ లెక్కలో 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 కోట్ల లోపు అమ్మకాలుంటే, యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు దాటకపోతే, అది సూక్ష్మ సంస్థ. ఈ మాట చెబితే పిన్నిగారు, "సూక్ష్మమే పది కోట్లైతే మనల్ని ఏమంటారో" అని మళ్లీ చేటలోకి తల వంచింది. ఆ పది కోట్లవాడు కంటెంట్ రాయడానికి మనిషిని పెట్టుకోగలడు. ఈవిడకు ఉన్నది కోడలొక్కతే. అందుకే ఈ ఏఐ చాలా ఇళ్లలోకి చెప్పాపెట్టకుండా వచ్చేసింది. చాట్‌జీపీటీ బయటికొచ్చింది 2022 నవంబరు 30న. గూగుల్ వాళ్ల జెమినై యాప్ మన దేశంలో 2024 జూన్‌లో వచ్చినప్పుడు తొమ్మిది భారతీయ భాషల్లో పనిచేస్తుందన్నారు, అందులో తెలుగు ఒకటి. ఇప్పుడు మాట టైపు చెయ్యడం రానివాళ్లు కూడా ఫోన్లో చెప్పి రాయించుకుంటున్నారు. రాత్రి పదకొండింటి ఆ బుర్రగోకుడు తప్పించిన దేన్నైనా నేను వెక్కిరించలేను.

నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. అదే వారంలో ఒక మంగళగిరి చీరల పేజీలో 'సంప్రదాయం మరియు ఆధునికతల మేళవింపు' కనిపించింది. తలనూనె సీసా మీదా అదే. మా పక్క సందులో కొత్తగా తెరిచిన ట్యూషన్ సెంటరు బ్యానరు మీద కూడా అదే మేళవింపు. మంగళగిరి నేత అంచు ఏమిటో, తలనూనెలో ఏ ఆకు మరిగించారో, ట్యూషన్లో లెక్కలు చెప్పేదెవరో ఆ ముక్కతో ఎవరికీ తెలియదు. ఆవకాయకు, చీరకు, నూనెకు, చదువుకు నలుగురికీ ఒకే చొక్కా తొడిగారు. అది ఎవరికీ పట్టలేదు.

ఈ ఏఐ ఎలా రాస్తుందో తెలిస్తే దాని మీద కోపం రాదు. లోకంలో జనం రాసి పెట్టిన రాత కుప్పలు తెప్పలుగా చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ వీలుందో లెక్క కట్టి పేర్చుకుంటూ పోయే యంత్రం అది. 'ఆవకాయ గురించి రాయి' అని మాత్రమే అంటే, ఆవకాయ గురించి అందరూ ఎక్కువసార్లు ఏమన్నారో దానివైపే మొగ్గుతుంది. అందరూ అమ్మమ్మ అన్నారు కనక పిన్నిగారికి కూడా ఓ అమ్మమ్మను పుట్టించింది. తెలుగు దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. అంతమంది నోట ఉన్న మాట నెట్‌లోకి ఎక్కింది మాత్రం తక్కువ. ఎక్కినదాంట్లోనూ ఇంగ్లీషు నుంచి దించిన రాత చాలా ఉంది. అందుకే ఆ 'మరియు'. మన ఇళ్లలో ఎవరైనా 'ఉప్పు మరియు కారం తీసుకురా' అనగా విన్నారా? 'ఉప్పూ కారం' అంటాం, మధ్యలో ఎవరినీ నిలబెట్టం. ఒక ప్రకటనను మనిషి రాశాడా యంత్రం రాసిందా అని నన్నెవరైనా అడిగితే ముందు మరియులు, తర్వాత 'యొక్క'లు లెక్కపెడతాను. ప్రభుత్వ నోటీసులు రాసే గుమాస్తాలు కూడా ఈ పరీక్షలో తప్పుతారనుకోండి, అది వేరే గొడవ.

గుమాస్తా అంటే గుర్తొచ్చింది. వెనకటికి పెద్ద కొట్లలో షావుకారు సంతకానికి తప్ప కలం పట్టేవాడు కాదు. ఉత్తరాలన్నీ గుమాస్తావే. పైన 'శ్రీరామ' అని వేసి, సరుకు ముట్టిన సంగతి, నిలవ ఉన్న బాకీ, ఇంటిల్లిపాదీ క్షేమసమాచారాలు, చివర 'దయయుంచి పంపవలెను'. ఆ ఉత్తరం విప్పినవాడికి షావుకారు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. ఆ గుమాస్తా ఇరవయ్యేళ్లు ఆయన పక్కన కూర్చుని, ఎవరి దగ్గర కటువుగా ఉంటాడో, ఎవరి బాకీ అడగటానికి మొహమాటపడతాడో, ఏ మాట నోటికి తెచ్చుకోడో చూసి ఉన్నాడు కనక. రాసింది గుమాస్తా అని అందరికీ తెలుసు. దాన్ని ఎవరూ మోసం అనుకోలేదు.

ఈ కొత్త గుమాస్తాకు వెయ్యి మంది గుమాస్తాల చదువుంది. మన కొట్లో మాత్రం ఒక్కపూట కూర్చోలేదు. పైగా, విడిగా చెప్పి గుర్తుపెట్టుకోమంటే తప్ప, నిన్న చెప్పింది ఇవాళ దానికి ఉండకపోవచ్చు. సోమవారం 'మీరు' అంటుంది, మంగళవారం 'మిత్రులారా' అంటుంది, బుధవారం ఉన్నట్టుండి 'హాయ్ ఫుడీస్' అని పలకరిస్తుంది. చదివేవాడికి ఆ కొట్లో రోజుకో మనిషి కూర్చున్నట్టు ఉంటుంది. బ్రాండు నిలకడ అని పెద్ద మాటలతో చెప్పేది ఇదే. మన జనం భాషలో, 'ఎప్పుడు పోయినా ఒక్కలాగే మాట్లాడతాడ్రా' అనిపించుకోవడం.

ఈ విద్య మనకు కొత్తది కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఊరు కాని ఊరు, చేతిలో పెద్ద పెట్టుబడి లేదు. సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టి అలవాటు చేశారని చెప్పుకుంటారు. తలనొప్పి పట్టినవాడి చేతిలో ఆ పసుపుపచ్చటి మందు ఉంటే మూత తియ్యకుండానే అదేమిటో తెలిసేది. పేరు మారలేదు, రంగు మారలేదు, వాసన మారలేదు. ఆ మందు మీద వచ్చిన డబ్బుతోనే ఆయన 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. తెలుగు పత్రికల్లో పనిచేసేవాళ్లం ఒక తలనొప్పి మందుకు ఎంత బాకీ ఉన్నామో అప్పుడప్పుడు గుర్తుచేసుకోవడం మంచిదే. తలనొప్పులు ఎలాగూ ఉండనే ఉన్నాయి.

ఇంకో ముచ్చట అమూల్ పాప. 1966లో సిల్వెస్టర్ డకున్హా ఆలోచన, యూస్టేస్ ఫెర్నాండెస్ గీత. చుక్కల గౌను, నీలం జుట్టు. అప్పటినుంచి ఆ పాప మాట్లాడని విషయం లేదు. ఎన్నికలు, క్రికెట్టు, సినిమాలు, ఉల్లిపాయ ధర, అన్నిటి మీదా ఓ చమత్కారం విసిరింది. విషయం పూటకోటి, పిల్ల ఒక్కతే. ఆ అల్లరి ఒక్కటే. నిలకడ అంటే రోజూ ఒకే వాక్యం తిప్పి తిప్పి చెప్పడమనుకునేవాళ్లు ఆ బొమ్మలు పది వరసగా పెట్టి చూస్తే చాలు. నిజానికి బంగారు రంగు అంచు అన్ని పోస్టులకూ పెట్టేస్తే బ్రాండు కుదిరిపోయిందనుకోవడమే చాలామంది చేస్తున్న పొరపాటు. అంచు ఒకటే ఉంది సరే, లోపల మాట్లాడుతున్నదెవరు?

పిన్నిగారి కోడలు ఈ చిక్కును విప్పుకున్న తీరు నాకు భలే నచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఆ అమ్మాయికే తోచింది. అత్తగారు కొనేవాళ్లకు పంపే వాయిస్ మెసేజీలు ఫోన్లో గుట్టలుగా ఉన్నాయి. అందులో ఓ పాతిక ఏరి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద దించింది. నాకూ చూపించింది. "ఇంకో నాలుగు రోజులాగు నాన్నా, ముక్క ఊరలేదు. ఇప్పుడు పంపితే తిని నన్ను తిట్టుకుంటావు." ఇంకోటి: "పండుమిరప ఈసారి కారం ఎక్కువొచ్చింది, పిల్లలకు పెట్టేప్పుడు నెయ్యి ఎక్కువ వెయ్యండి." మరోటి అచ్చంగా తిట్టే: "తడి గరిటె పెట్టొద్దని పోయినసారే చెప్పానా లేదా?" అవి చదువుతుంటే ఆవిడ చేట చప్పుడు కూడా వినిపించింది.

వాటిని ముందు పెట్టి, వాటి కింద తన మాటల్లో ఒక పేజీ రాసుకుంది. మనం మాట్లాడేది ఇంట్లోవాళ్లతో మాట్లాడినట్టు ఉండాలి. వాక్యం పొడుగు వద్దు. మరియు వద్దు, యొక్క వద్దు, ఆశ్చర్యార్థకం ఒక్కటి కూడా వద్దు. కారం గుంటూరుది, నూనె పప్పునూనె, ఉప్పు రాళ్లుప్పు ఎండబెట్టి కొట్టింది, ఇవి తప్ప వేరే గొప్పలు చెప్పకూడదు. అమ్మమ్మ మాట ఎత్తకూడదు. ఏ రోగం పేరూ రాయకూడదు. తెలియనిది కల్పించకుండా, 'అత్తయ్యను అడగాలి' అని రాసి ఖాళీ వదిలెయ్యాలి. ఈ చివరి నియమం బంగారం లాంటిది. ఆ పేజీని ఆ యాప్‌లోనే దాచిపెట్టి, ప్రతిసారీ ముందు అది చదువుకునేలా చేసింది. గుమాస్తాకు ఇరవయ్యేళ్ల అనుభవాన్ని ఒక పేజీలో కుదించి ఇచ్చినట్టయింది.

మర్నాడు అది రాసింది ఇది: "మాగాయ ముక్కలు ఎండుతున్నాయి. ఇంకో రెండు ఎండలు కావాలి. శనివారం చెబుతాం." నేను చూసి ఎవరు రాశారని అడిగాను. అడగాల్సి వచ్చిందంటేనే పని జరిగినట్టు. అలాగని పదికి పదీ ఇలా కుదరవు. మూడు నాలుగు మళ్లీ ఉపన్యాసంలోకి దిగుతాయి. ఓసారి మాగాయకు 'ఎండ ముద్దాడిన' అని విశేషణం తగిలించింది. ఆ అమ్మాయి నోరు మూసుకుని చెరిపేసింది. బొమ్మలు వేయించడం మానేసింది. టెంక లేని ఆవకాయ బొమ్మ చూసి, అసలు సీసా అందాక టెంకతో ఉన్నదాన్ని చూసి కొత్తవాళ్లెవరైనా ఇదేంటని అడిగితే ఏం చెబుతాం? బొమ్మలో తెలుగు రాయించబోతే వత్తులు ఎటో పోయి, 'పచ్చడి' కాస్తా చదవలేనిదైంది. ఇప్పుడు ఫొటో తనే తీస్తుంది, కిటికీ పక్కన, అదే నీలం పళ్లెంలో, ప్రతిసారీ. గ్యాస్ బండ కనిపించడం లేదు. నాకు కొంచెం వెలితిగానే ఉంది.

రోగం పేరు రాయకూడదన్న నియమం ఎందుకు పెట్టుకుందో చెప్పాలి. మెంతికాయ పచ్చడికి నాలుగు మాటలు రాయమంటే యంత్రం 'మధుమేహాన్ని అదుపు చేస్తుంది' అని ధీమాగా రాసిందట. మెంతుల గురించి జనం అలా అనుకోవడం అది చదివి ఉంటుంది. కాని, ఆహారం రోగాన్ని తగ్గిస్తుందని చెప్పి అమ్మడాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. సహజం, స్వచ్ఛం, తాజా, సంప్రదాయం వంటి మాటలు ఎప్పుడు వాడుకోవచ్చో కూడా అందులో షరతులున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టం 53వ సెక్షను కింద పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. నోటీసు వస్తే వచ్చేది యంత్రం పేరు మీద కాదు. సీసా మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఎవరిదో వాళ్ల పేరు మీద. గుమాస్తా ఎంత చదువుకున్నా సంతకం షావుకారుదే కదా.

నేను కూడా ఒక రాత్రి కూర్చుని ఆ యంత్రాన్ని పూతరేకుల గురించి నాలుగు వాక్యాలు రాయమన్నాను. బాణలిలో దోరగా వేయించిన కరకరలాడే పొరలని రాసింది. ఆత్రేయపురం వెళ్లి ఒక్కసారి చూసినవాళ్లెవరూ ఆ మాట రాయరు. బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన తెల్లటి గుడ్డ. ఆ గుడ్డను కుండ మీద ఒక్క విసురున పరిచి లాగేస్తే, కళ్లు ఆర్పేలోపు రేకు లేస్తుంది. దాన్ని వేళ్ల కొసలతో తీసే ఆడవాళ్ల చేతులకు పొగ, వేడి రెండూ అలవాటు. వేయించడం అనేదే లేదు. 2023లో ఆ రేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఆ ఊరిదే. ఆ ఊళ్లో కొట్టు పెట్టుకున్నవాళ్లెవరైనా యంత్రం రాసిన 'వేయించిన పొరలు' చూసుకోకుండా పెట్టేస్తే, తమ ఊరి పేరును తామే తక్కువ చేసుకున్నట్టు. కుండ, గుడ్డ, మంట, ఈ మూడు మాటలూ నోటుపుస్తకంలో రాసి ఇస్తే అదే యంత్రం చక్కగా రాస్తుంది. నేను ఇచ్చి చూశాను, రాసింది.

ఒక్క చోట మాత్రం ఈ గుమాస్తా నాలుగు జీతాల పని చేస్తోందని ఒప్పుకోవాలి. పిన్నిగారి సీసాల్లో సగం డాలస్‌కో న్యూజెర్సీకో పోతాయి. అక్కడ కొనే తల్లిదండ్రులకు తెలుగు వచ్చు, పిల్లలకు చదవడం రాదు. సీసాలో ఆవాలున్నాయా, పల్లీలు పడని పిల్లాడు తినొచ్చా, ఫ్రిజ్‌లో పెట్టాలా, ఈ సంగతులు వాళ్లకు ఇంగ్లీషులో కావాలి. అత్తగారు తెలుగులో చెబుతుంది, యంత్రం ఇంగ్లీషు చేస్తుంది, కోడలు ఒకటికి రెండుసార్లు సరిచూసి అంటిస్తుంది. ఊరగాయను ఊరి పేరున్న కాయగా తర్జుమా చెయ్యకుండా చూసుకుంటే చాలు.

మరి దాని చేత అన్నీ రాయించుకోవచ్చా అంటే, ఆ ఇంట్లోనే ఒక గీత పడింది. పోయిన నెల ఒకాయన పార్సిల్లో సీసా పగిలి నూనె అంతా కారిపోయింది. పెళ్లిచూపులకు పెట్టుకున్న చీర పాడైందని రాత్రి తొమ్మిదింటికి గట్టిగా రాశాడు. కోడలు కంగారులో యంత్రాన్ని అడిగింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ సంతృప్తే మా ధ్యేయం" అని వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని పంపబోయి, ఎందుకో అత్తగారికి చదివి వినిపించింది. "సంతృప్తే ధ్యేయమా? చీర పాడైందంటే ఇంత తాపీగానా?" అని ఆవిడ ఫోను లాక్కుని అతనికే చేసింది. ఏ చీర, ఏ రంగు, నూనె మరకకు ముందు ముగ్గు పిండి చల్లండి, తర్వాత కుంకుడురసం, డబ్బు రేపు పొద్దున వేస్తా, పెళ్లి కుదిరిందా లేదా. చివరికి అతనే, కుదిరితే పెళ్లికి పచ్చళ్లు మీవే అన్నాడట. క్షమాపణ, ధర పెంచడం, పరామర్శ, ఈ మూడింటికీ యంత్రాన్ని పిలవకూడదని అప్పటినుంచి ఆ పేజీలో కొత్త గీత చేరింది. చెప్పాల్సిన మాట చెప్పాల్సిన మనిషి నోట రావాలని పిన్నిగారికి ఏ పుస్తకం చెప్పలేదు.

మొన్న ఎండల మధ్యలో ఉన్నట్టుండి రెండు రోజులు వాన కొట్టింది. కొట్టి పెట్టిన కాయ కొంత తడిసింది. అప్పటికే ఆవకాయకు డబ్బులు కట్టినవాళ్లు ఎనభై మంది. వాళ్లకు ఏం చెప్పాలో రాయమని కోడలు యంత్రాన్ని అడిగింది, ఆ ఒక పేజీ పెట్టే అడిగింది. కానీ విషయం పెద్దదనుకుందో ఏమో, అది మళ్లీ పాత దారి పట్టింది: "అనివార్య కారణాల వల్ల మీ ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయని తెలియజేయుటకు..."

నేనప్పుడు అక్కడే ఉన్నాను, గోంగూర కోసం వెళ్లి. పిన్నిగారు తడిసిన ముక్కల్ని పాత పంచె మీద పరుస్తోంది. కత్తిపీట గోడకు ఆనించి ఉంది. కోడలు చదివింది విని తల అడ్డంగా ఊపింది.

"అనివార్యం ఏంటమ్మాయ్? వాన పడింది. వాన పడిందని రాయి. కాయ తడిసింది, తడి కాయతో పెడితే బూజు పడుతుంది, ఇంకో కాయ తెప్పిస్తున్నాం, వారం ఆగమను. ఆగలేనివాళ్లకు డబ్బు వెనక్కి వేస్తామను."

ఆ అమ్మాయి యంత్రం రాసిందంతా చెరిపి, ఆవిడ అన్నది అన్నట్టు బొటనవేలితో టైపు చేసి వదిలింది. బొమ్మ లేదు, అంచు లేదు. నేను గోంగూర సంచీలో పెట్టుకుని గుమ్మం దాటేలోపే ఆ ఫోను వరసగా నాలుగుసార్లు మోగింది. మొదటిది ఎక్కడో దూరం నుంచి వచ్చింది, కోడలు పైకి చదివింది: "పర్లేదు పిన్నిగారూ. మీరు తడవకండి."